మలుపు దగ్గరి స్టేజీ రాయి

ధారూరు దాటి కొంతదూరం నడిచాక, కంది చేల మధ్య రోడ్డు ఎడమకు తిరిగే చోట ఒకామె గట్టు దిగి వచ్చి నా ముందు నిలబడింది. నలభై ఏళ్లుంటాయి. భుజం మీద గొంగడి, చేతిలో గొర్రెలు తోలే కర్ర. కర్రను చంకలో ఇరికించుకుని, కొంగు ముడి విప్పి, నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి నా చేతికిచ్చింది. ఇచ్చిన తర్వాత అడిగింది.

"ఏ పార్టోళ్లు మేడం మీరు?"

"ఏ పార్టీ కాదమ్మా. నడుస్తున్నాం, అంతే."

ఆమె నన్నూ, నా వెనక తెల్ల టీషర్టుల్లో వస్తున్న ఇరవై మందినీ పైనుంచి కిందికి చూసింది. "ఊకెనే ఎవరన్న నడుస్తరా? చెప్పకుంటె చెప్పకపోండ్రి. కాగితమైతె సదువుండ్రి."

నేను కాగితం తీసుకున్నాను. చాలా ఏళ్లు పత్రికలో పనిచేసినవాళ్లకు ఒక అలవాటు ఉండిపోతుంది. ఎవరు కాగితం చాచినా చేయి దానంతటదే ముందుకు వెళ్తుంది. అందులో ఏముందో, మనవల్ల అవుతుందో కాదో అనే ఆలోచన ఆ తర్వాత వస్తుంది.

మా నడక బృందానికి పెద్ద అయిన పటేల్ గారు వెనకనుంచి గబగబా వచ్చారు. "ఎందుకు తీసుకున్నరు మేడం? ఇగ చూడండ్రి, మనల్ని లీడర్లు అనుకుంటరు. ఊరు ఊరంత వస్తది."

ఆయన అన్నట్టే అయింది. సాయంత్రానికి నా భుజాన ఉన్న గుడ్డసంచిలో నీళ్ల సీసా కిందికి పోయి, పైనంతా కాగితాలే. పింఛను రాలేదని ఒకరు, వీధి దీపం వెలగడం లేదని ఒకరు, పట్టా పుస్తకంలో తండ్రి పేరు తప్పు పడిందని ఒకరు. ఒక పెద్దాయన దగ్గర కాగితం లేదు. నా పక్కనే అర కిలోమీటరు నడుస్తూ నోటితోనే అర్జీ చెప్పి, "రాసుకోండ్రి, రాసుకోండ్రి" అని నాచేత రాయించాడు.

ఇదంతా ఎందుకు వచ్చిందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

నేను వికారాబాద్ మనిషిని కాను. పుట్టింది కృష్ణా డెల్టాలో, కాలవ గట్టున. మా ఆయనకు రైల్వేలో ఇక్కడికి బదిలీ అయితే, రెండేళ్లలో వెళ్లిపోతామనుకుని రెండు పెట్టెలతో దిగాం. అప్పటికి ఇది జిల్లా కేంద్రం కాదు. రైలు దిగినవాళ్లలో సగంమంది ఇంకో రైలు కోసం చూసేవాళ్లే. ఒక దినపత్రికకు ఊరి వార్తలు రాసేవాళ్లు కావాలంటే, చదువుకున్నదాన్ని కదా అని మొదలుపెట్టాను. చలికాలం అనంతగిరి మీదనుంచి దిగే గాలి, వానాకాలం ఎర్రమట్టి, తెల్లవారకముందే మోమిన్‌పేట్ వైపునుంచి, నవాబుపేట వైపునుంచి కూరగాయలతో వచ్చే ఆటోలు, వీటన్నిటి గురించి రాస్తూ రాస్తూ బదిలీ సంగతి మరిచిపోయాం. మా ఆయన రిటైరయ్యాక, నేను పత్రిక మానేశాక, తిరిగి వెళ్దామా అని ఒకరినొకరం అడగనేలేదు. ఇక్కడి మాట నాకు నోటికి పూర్తిగా రాలేదు. చెవికి మాత్రం బాగా వచ్చింది.

పని మానేశాక పొద్దున్నే నడక మొదలుపెట్టాను. స్కూలు గ్రౌండులో నాలాగే చక్కెర జబ్బు వాళ్లు, మోకాళ్ల నొప్పులవాళ్లు, డాక్టరుకు భయపడేవాళ్లు పోగయ్యారు. పటేల్ గారు అందులో ఒకరు. ఆయనకు ఊళ్లో ఎరువుల దుకాణం ఉంది. ధారూరు అవతల తాతల నాటి పొలం, ఓటు కూడా అక్కడే. ఒకసారి జడ్పీటీసీకి నిలబడి ఓడిపోయారు. మళ్లీ నిలబడాలని ఉంది. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు, ఊరందరికీ తెలుసు.

గుండ్రంగా తిరిగే ఈ నడకను ఏదైనా పనికి వాడుకుందామనే ఆలోచన ఎవరిదో నాకు గుర్తులేదు. పటేల్ గారు తనదే అంటారు, అననివ్వండి. తాండూరులో బండల పాలిషింగ్ మిషన్లున్న ఒకాయన మాకు తెలుసు. వికారాబాద్ నుంచి తాండూరు దాకా ఎవరు ఎన్ని కిలోమీటర్లు నడిస్తే అన్ని నాపరాతి బండలు ఇస్తానన్నాడు ఆయన. ఆ బండలు మా ఊళ్లో నేల సరిగా లేని అంగన్‌వాడీలకు. రెండు రోజుల నడక, మధ్యలో ఒక ఫంక్షన్ హాలులో మజిలీ. ఏటా కంది కోతలప్పుడు. మొదటి ఏడాది మా బండలు పరిచిన అంగన్‌వాడీలో పిల్లలు ఆ నున్నటి నేల మీద జారుతూ ఆడుకోవడం చూసి టీచరమ్మ, "మీ పుణ్యమా అని ఒక్క పోరడు కూసుంటలేడు" అని మాతో పోట్లాడింది.

నడకకు మేం పెట్టుకున్న నియమాలు రెండే. జెండాలు ఉండకూడదు. పేర్లు రాసుకోకూడదు. బండల మీదగానీ, గోడల మీదగానీ, బ్యానర్ల మీదగానీ నడిచినవాళ్ల పేరు ఒక్కటి కూడా ఉండకూడదని మొదటి రోజే అనుకున్నాం. ఈ రెండోది పటేల్ గారికి చాలా కష్టమైన నియమం. అయినా పాపం ఒప్పుకున్నారు.

మాకు తట్టనిదల్లా ఒకటే. ఈ ప్రాంతంలో ఇరవైమంది తెల్లబట్టలతో వరసగా రోడ్డెక్కి నడిస్తే దానికి ఒకటే అర్థం. ఎన్నికలు వస్తున్నాయని. నాయకుడు ఎవరో తర్వాత తెలుస్తుంది, ముందు కాగితం రాసి పెట్టుకోవాలి. మొదటి ఏడాది ఎవరూ ధైర్యం చేసి ఇవ్వలేదు, మేం వేగంగా నడిచామేమో. రెండో ఏడాది ఆ గొంగడి ఆమె మొదలుపెట్టింది.

మజిలీలో కూర్చుని ఆమె కాగితం విప్పాను. మడతల దగ్గర చిరిగిపోయేంతగా నలిగింది. స్కూలు పిల్లల గుండ్రటి అక్షరాలు. "గౌరవనీయులైన" అని మొదలై, ఆ తర్వాత పేరు రాయడానికి ఖాళీ వదిలి ఉంది. ఎవరు వస్తే వాళ్ల పేరు నింపుకోవచ్చని అలా రాయించి, కొంగున ముడేసుకుని ఎన్నాళ్లుగా తిరుగుతోందో. కింద విషయం నాలుగు వాక్యాలు. ఇంటాయనకు కిడ్నీలు పోయాయి. వారానికి మూడు రోజులు వికారాబాద్‌లో డయాలసిస్. తాండూరు నుంచి వచ్చే పొద్దుటి బస్సు మా మలుపు దగ్గర ఆగడం లేదు. ఆపించగలరని ప్రార్థన.

నా ఉద్యోగ జీవితంలో ఇలాంటి కాగితాలు వందలు చూశాను. ఒక పేరా వార్త అవుతుంది, అంతే. కానీ నడుస్తూ తీసుకున్న కాగితం వేరు. ఆ మలుపు నా కాళ్లకు తెలుసు. మర్నాడు తాండూరు చేరి, బండల లెక్క తేల్చుకుని, మూడోరోజు బస్సులో తిరిగి వస్తూ అక్కడ దిగాలనుకున్నాను. కండక్టరు దింపనన్నాడు. "గక్కడ స్టేజీ లేదు మేడం." ముందు స్టేజీలో దిగి వెనక్కి నడిచాను. ఆమె చెప్పింది నిజమేనని అలా తేలింది.

ఆమె నన్ను చూసి ఏమీ ఆశ్చర్యపోలేదు. గొర్రెలను ఒకవైపు తోలి నన్ను గట్టు మీద కూర్చోబెట్టింది. "ఎలచ్చన్ల ముందరనే వచ్చినవు అక్కా. మంచిగనే ఉన్నది" అంది. మేడం నుంచి అక్కకు రావడానికి మూడు రోజులు పట్టింది.

ఆమె చెప్పిన సంగతి ఇది. పొద్దుటి బస్సు అందితే ఆయనకు మొదటి బ్యాచ్‌లో మంచం దొరుకుతుంది, మధ్యాహ్నానికి ఇల్లు చేరతారు. దాని తర్వాతి బస్సు డ్రైవరు దయతలచి ఆపినా, అందేది రెండో బ్యాచే. అది అయ్యేసరికి ఇటు వచ్చే బస్సులు కిక్కిరిసి ఉంటాయి, రక్తం శుద్ధి చేయించుకున్న మనిషి రాడ్డు పట్టుకుని నిలబడి రావాలి. రెండుసార్లు బస్సులో పడిపోయాడు. ఆ భయానికి ఒక్కోసారి వెళ్లనంటాడు. ఒక పూట మానేస్తే కాళ్లు వాస్తాయి, రెండు పూటలు మానేస్తే ఊపిరి ఆడదు. వెళ్లినప్పుడల్లా ఆటో పెట్టుకునే స్థితి కాదు. పెట్టుకున్నా ఆ గతుకులకు ఆయన తట్టుకోలేడు.

"బస్సు ఎందుకు ఆపడం లేదు?" అన్నాను.

"నన్ను చూసి."

అర్థం కాలేదు. ఆమె నవ్వింది. "ఆడోళ్లకు టికెట్ లేదాయె. బస్సులు మొత్తం ఆడోళ్లే. ఆడమనిషి చెయ్యెత్తితె డ్రైవరు అటు దిక్కు చూస్తడు. మొగోడు నిలవడితె ఆపుతడు. అందుకే ఈయనను రోడ్డుమీద నిలవెట్టి నేను కందిచేన్ల కూసునేదాన్ని. బస్సు ఆగంగనే ఉరికొచ్చేది."

"మరి?"

"నెలరోజులు నడిచిందక్కా. తర్వాత గీయనను చూసిండంటె ఎనక చేన్ల నేనుంటనని డ్రైవర్లందరికి ఎరుకైపోయింది. ఇప్పుడు కంది గిట్ల కోసేస్తే దాసుకునెతందుకు జాగ గూడ ఉండది."

గట్టు పక్కనే వాళ్లింటి వేపచెట్టు కింద మంచం మీద పడుకుని వింటున్న భర్త మొదటిసారి నోరు విప్పాడు. "పెండ్లప్పుడు గూడ గింత ఉరుకలేదు ఇది నా ఎనక."

ఆ మరుసటి సోమవారం నా సంచి పట్టుకుని కలెక్టరేట్‌లో ప్రజావాణికి వెళ్లాను. ఎన్నో ఏళ్లు ఆ హాల్లో పక్కగా వేసిన విలేకరుల కుర్చీల్లో కూర్చుని అర్జీదారుల వరసను చూశాను. ఈసారి వరసలో నిలబడ్డాను. పక్కనుంచి చూసినప్పుడు తెలియదు గానీ, ఆ వరస చాలా నెమ్మదిగా కదులుతుంది. కాగితాలన్నీ ఎవరివి వాళ్ల శాఖకు పంపారు. వాటిలో కొన్నింటికి పని జరిగింది కూడా. వీధి దీపం వెలిగింది. ఒక పింఛను వచ్చింది. బస్సు కాగితం మాత్రం డిపోకు పోవాలన్నారు, పట్టుకుని పోయాను.

డిపోలో ఆయన మర్యాదస్తుడు. టీ తెప్పించాడు. స్టేజీ కొత్తగా పెట్టాలంటే పంచాయతీ తీర్మానం కావాలి, తర్వాత వాళ్ల సర్వే, తర్వాత పైనుంచి మంజూరు అన్నాడు. తీర్మానం ఆ నెలలోనే తెచ్చి ఇచ్చాం. "పరిశీలనల పెడ్తం మేడం" అన్నాడు. ఆ మాట వినగానే నవ్వొచ్చింది. నేను రాసిన వార్తల్లో సగం ఆ మాటతోనే ముగిసేవి. "ఈ విషయం పరిశీలనలో ఉందని అధికారులు తెలిపారు." అది రాసి చుక్క పెట్టి, హాయిగా ఇంటికి వెళ్లి భోంచేసేదాన్ని.

ఈ సంగతంతా గ్రౌండులో నడుస్తూ చెప్తుంటే, పటేల్ గారికి ఆలోచన వచ్చింది. ఇది ఆయనదేనని నేనే సాక్ష్యం చెప్తాను. "మేడం, డ్రైవరు ఏమంటుండు? గక్కడ స్టేజీ లేదంటుండు. స్టేజీ ఉన్నట్టు ఎట్ల తెలుస్తది వానికి? బోర్డు చూసి. మనం ఒక రాయి పాతుదం."

"డిపో వాళ్లు ఒప్పుకోకుండానా?"

"ఒప్పుకోమని ఎవలన్నరు? ఇంకా పరిశీలనల ఉన్నది. పరిశీలించెతందుకు ఏదో ఒకటి ఉండాలె గద!"

తాండూరు వెళ్లి మిషన్లాయనను అడిగాం. దుమ్ములో, నీళ్లలో, రంపాల చప్పుడులో నిలబడి మాట్లాడాలి అక్కడ. మనుషులు కనుబొమ్మల దాకా తెల్లగా ఉంటారు. ఆయన మాతో ఒక భాష, లోపల రాళ్లు కోసే మనిషితో కన్నడం, ఫోనులో ఉర్దూ మాట్లాడుతూ, మూడింటిలోనూ ఒకేలా అరుస్తాడు. "ఒక బండ ఎక్కువైతె నా మిషన్ ఆగుతదా మేడం? జర మందంది ఇస్త. ఏం చెక్కాలె?"

కాగితం మీద రాసి ఇచ్చాను. పైన ఊరి పేరు, దాని పక్కన 'మలుపు' అని. కింద 'బస్సు ఆగును.'

"ఎవల పేరు?"

"పేరు వద్దు."

ఆయన మిషన్ ఆపించాడు. చప్పుడు ఆగాక మళ్లీ అడిగాడు. "పేరు లేకుంట రాయి నేను ఇంతవరకు చెక్కలే మేడం. సమాధిరాయికి గూడ పేరుంటది."

పటేల్ గారు నన్ను పక్కకు పిలిచారు. "అడుగున సన్నగ రాయిస్తె? కనపడీ కనపడనట్టు."

"కనపడనప్పుడు ఎందుకు పటేల్ గారూ?"

"నాకు కనపడితె చాలు."

ఆ మాటకు నాకు జాలేసింది. అయినా నియమం నియమమే. ఆయన తిరుగు ప్రయాణమంతా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. కానీ రాయి వచ్చిన రోజు గుంత తవ్వించింది ఆయనే, సిమెంటు తన చేత్తో పోసింది ఆయనే. తెల్లచొక్కా పాడైందని ఇంట్లో వాళ్లావిడ చేత మాటలు పడిందీ ఆయనే. చెక్కిన అక్షరాల్లో నీలం రంగు నింపాం. అంగన్‌వాడీలకు పోగా మిగిలిన ఇంకో బండను రెండు రాళ్ల మీద ఆనించి కూర్చోవడానికి వేశాం.

మర్నాడు డయాలసిస్ రోజు. నేనూ వెళ్లాను. గొంగడి ఆమె భర్త బండ మీద కూర్చున్నాడు. ఆమె చేలోకి పోకుండా రాయి పక్కనే నిలబడింది. బస్సు వచ్చింది, ముందుకు పోయింది, బ్రేకు వేసింది, వెనక్కి వచ్చింది. డ్రైవరు తల బయటపెట్టి రాయిని రెండుసార్లు చదివాడు.

"ఇదెప్పుడు వచ్చింది?"

"నువ్వు చూడలే గాని, మస్తు దినాలయింది" అంది ఆమె, ఆయన జబ్బ పట్టుకుని ఎక్కిస్తూ.

"ఏమో తియ్. రాయి మీదనే రాసి ఉన్నంక ఆపకుంటె ఎట్ల" అన్నాడు డ్రైవరు.

ఆ తర్వాత చాలా నెలలు బాగా గడిచాయి. అంతకంటే చెప్పడానికి లేదు, మంచి రోజుల గురించి వార్త రాయడం ఎప్పుడూ కష్టమే. ఆయనకు మొదటి బ్యాచ్ దొరికేది. మధ్యాహ్నానికి ఇల్లు చేరి, వేపచెట్టు కింద మంచం వేసుకుని, గొర్రెలను పేరుపెట్టి తిడుతూ ఉండేవాడు. ఆమె అప్పుడప్పుడూ ఫోన్ చేసేది. ఆ మలుపు దగ్గర ఇంకో నలుగురు ఎక్కడం మొదలుపెట్టారు. ఎక్కడినుంచి వచ్చారో, అంతవరకు ఏం చేసేవారో.

ఎన్నికల కోడ్ వచ్చిన మూడోరోజు పొద్దున్నే ఆమె ఫోన్. "అక్కా, మన రాయికి ముసుగేసిన్రు. బస్సు పోయింది."

వెళ్లి చూశాను. రాయిని పైనుంచి కిందిదాకా పాత ఫ్లెక్సీతో, తెల్లవైపు బయటికి కనపడేలా చుట్టి, తాడు బిగించి, పైన టేపు అంటించారు. కోడ్ వస్తే శంకుస్థాపన రాళ్లు, ప్రారంభోత్సవ ఫలకాలు కప్పేయాలి కదా. ఊళ్లోని రాళ్లన్నీ కప్పుకుంటూ రోడ్డు మీదికి వచ్చి దీన్నీ కప్పారు. ఆ పొద్దున ఒక కొత్త డ్రైవరు వచ్చాడట. ఆమె చెయ్యెత్తితే అతను ఫ్లెక్సీ చుట్టిన రాయిని చూసి, ఏదో గొడవ రాయి అనుకుని వేగం పెంచాడట.

పంచాయతీ కార్యదర్శి చిన్న వయసువాడు, మూడు ఊళ్లకు అతనొక్కడే. నన్ను చూడగానే లేచాడు. "రాయి మీద ఏమున్నదో చూడలేదు మేడం. రాళ్లన్ని కప్పుమన్నరు, కప్పించిన."

"అందులో ఎవరి పేరూ లేదు బాబూ. బస్సు ఆగును అని ఉంది. తీసేయండి."

"కప్పేటప్పుడు తెల్వదు మేడం. ఇప్పుడు తియ్యాలంటె తెలిసి తీసినట్టయితది." తలవంచుకుని ఇంకో మాట అన్నాడు. "పైగ కంప్లైంట్ గూడ వచ్చింది. గది పటేల్ రాయి అని రాసిచ్చిన్రు."

అది అబద్ధమని చెప్పలేకపోయాను. పేరు చెక్కకుండా ఎంత జాగ్రత్తపడినా ఆ చుట్టుపక్కల అందరూ దాన్ని పటేల్ రాయి అనే అంటున్నారట. పటేల్ గారికి చెప్తే, కోపం తెచ్చుకోబోయి, ముఖమంతా వెలిగిపోతుంటే దాచుకోలేక, చేతిరుమాలు అడ్డం పెట్టుకున్నారు. జడ్పీటీసీకి ఆయన మళ్లీ సిద్ధమవుతున్నారు మరి.

ఎన్నికలయ్యేదాకా ఆ భార్యాభర్తల సంగతి ఏమిటనేది ప్రశ్న. గ్రౌండులో మాట్లాడుకున్నాం. మగవాళ్లను చూస్తే బస్సు ఆగుతుందన్న ఆమె మాటే దారి చూపింది. వారానికి మూడు పొద్దులు మా నడక బృందంలో ఒక మగమనిషి బండి మీద ఆ మలుపుకు వెళ్లాలి. ప్రయాణికుడిలా నిలబడి చెయ్యెత్తాలి. బస్సు ఆగాక వాళ్లిద్దరినీ ఎక్కించి తను వెనక్కి తగ్గాలి. మొదటిరోజు మాతో నడిచే బ్యాంకు ఉద్యోగి ఒకాయన వెళ్లాడు.

"మీరెక్కరా సార్?" అని కండక్టరు అడిగాడట.

"లేదు, నేను ఆపెతందుకు వచ్చిన."

"గిదేం నౌకరి సార్?"

రెండోవారం పటేల్ గారి వంతు. నేనూ ఆయన బండి వెనక కూర్చుని వెళ్లాను. మేం వెళ్లేసరికే అక్కడ ఇంకొకాయన నిలబడి ఉన్నాడు. ఆ ఊరి మాజీ సర్పంచి, అవతలి పార్టీ మనిషి, రాయి మీద కంప్లైంటు రాసిచ్చింది ఆయనే. ఆమెకు వరసకు బావ. పటేల్ మనుషులు వచ్చి బస్సు ఆపుతున్నారని ఊళ్లో చెప్పుకుంటుంటే తను ఇంట్లో కూర్చోవడం ఎలా అని దిగాడు. ఇద్దరూ చెరో పక్కన, ముసుగు వేసిన రాయి మధ్యలో.

"మీరు పోండ్రి పటేలా. మా ఊరోళ్లను మేం ఎక్కించుకుంటం."

"ఇన్నాళ్లు ఎక్కించుకోలే గద. కప్పిచ్చుడు మాత్రం ఎరుక."

బండ మీద భర్త పక్కన కూర్చున్న ఆమె ఇద్దరి వైపూ తిరిగింది. "బావా, పటేలా, ఇద్దరు నిలవడితె బస్సు రెండుసార్లు ఆగుతదా? ఒకలు ఇయ్యాల నిలవడుండ్రి, ఒకలు ఎల్లుండి నిలవడుండ్రి. గొర్లకన్న నయం లేరు గదనే, అన్ని ఒక్క సందులనే పడ్తయి."

బస్సు ఆగింది. అంత గౌరవంగా ఆగిన బస్సును నేను ఎప్పుడూ చూడలేదు. ఇద్దరూ చెరో జబ్బా పట్టుకుని ఆయనను ఎక్కించారు. మెట్టు మీద ఆగి ఆయన నావైపు చూశాడు. "నా ఒక్కని కోసం గింతమంది పరేషాన్ అవుతున్నరు మేడం. నేనే లేకుంటె గీడ బస్సు ఎందుకు ఆగుతది?" నవ్వుతూనే అన్నాడు. ఆమె ఆయన వీపు మీద చిన్నగా ఒకటి వేసి లోపలికి నెట్టింది.

ఆమె వేసిన వంతులు ఇద్దరూ పాటించారు. ఎన్నికలు మాత్రం వాయిదా పడ్డాయి. కోడ్ ఎత్తేశారు. ఇద్దరూ మెల్లగా రావడం తగ్గించారు, కానీ అప్పటికి ఆ దారిన తిరిగే డ్రైవర్లకు ఆ మలుపు అలవాటైంది. రాయి కప్పమని ఆదేశం వచ్చింది గానీ, విప్పమని విడిగా ఏమీ రాలేదని కార్యదర్శి అన్నాడు. ఆ మాట అన్న తర్వాత అతనికి బదిలీ అయింది. మేం విప్పుతామంటే ఆమే వద్దంది. "కప్పినోళ్లే ఇప్పాలె. మనం ముట్టుకుంటె మల్ల కాగితం రాస్తరు."

ఈ ఏడాది నడకకు తెల్లబట్టలు మానేద్దామని వేరే రంగు కోసం ఒక పూటంతా కూర్చున్నాం. ఏ రంగు అనుకున్నా ఏదో ఒక పార్టీది. చివరికి ఎవరి బట్టలు వాళ్లు వేసుకున్నాం, జాతరకు పోతున్నట్టు. అయినా కాగితాలు వచ్చాయి. ఈసారి సంచి పెద్దది పట్టుకెళ్లాను. మలుపు దగ్గర, మంచం మీదనుంచి భర్త గొర్రెలను తిడుతుంటే, ఆమె మా అందరికీ మజ్జిగ పోసింది. బండ మీద పటేల్ గారు, మాజీ సర్పంచి పక్కపక్కన కూర్చుని తాగారు. ఎండకూ గాలికీ ఫ్లెక్సీ ఒక మూల చిరిగి, కింది వరసలో 'ఆగును' అనే మాట కనపడుతోంది.

పోయిన వారం డిపోకు వెళ్లాను. ఆ మర్యాదస్తుడే ఉన్నాడు, టీ తెప్పించాడు. తాండూరు దారిలో బస్సులు ఆగే స్టేజీల జాబితా గోడకు అతికించి ఉంటే, లేచి వెళ్లి పైనుంచి కిందిదాకా చదివాను. మా మలుపు అందులో లేదు. ఫైలు ఇంకా పరిశీలనలో ఉంది.